డ్రిల్లు టీచరుగారి ఇసకదిబ్బ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మార్టూరు నుంచి ఫోన్ వచ్చింది. డ్రిల్లు టీచరుగారి తమ్ముడు. "అక్క నిద్దర్లోనే పోయిందమ్మా. రేపు పదకొండింటికి ప్రార్థన. మీరూ వెంకాయమ్మా రావాలి," అన్నాడు. ఇంకేదో ఒకటి అనాలన్నట్టు, "జీపుకి మొన్ననే కొత్త బ్యాటరీ వేయించుకుంది," అన్నాడు.

ఆ బ్యాటరీ మాట విన్నాకే నాకు ఏడుపొచ్చింది. అరవై నాలుగేళ్ల మనిషి, గుండెకి రెండు స్టెంట్లున్న మనిషి, జీపుకి కొత్త బ్యాటరీ వేయించుకుని పడుకున్నారు. ఎక్కడికో బయల్దేరే ఆలోచనలోనే ఉన్నారన్నమాట.

దర్శి దగ్గర మా హైస్కూల్లో ఆవిడ పద్నాలుగేళ్లు పనిచేశారు. పిల్లలకీ, ఊరికీ, చివరికి హెడ్మాస్టరుగారికీ ఆవిడ డ్రిల్లు టీచరుగారే. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఎండకి కమిలిన చేతులు, మెడలో విజిలు, కాళ్లకి తెల్ల కాన్వాసు బూట్లు. బూటు మీద మరక పడితే నా బల్ల మీది సుద్దముక్క తీసుకుని రుద్దుకునేవారు. అడిగేవారు కాదు. నేను లెక్కల టీచర్ని. "లెక్కలు నోటితో చెప్పొచ్చులే లెక్కలమ్మా, బూట్లు నోటితో తెల్లబడవు," అనేవారు. భుజాన ఎప్పుడూ ఒక ఖాకీ సంచి ఉండేది. అందులో తాడు, కత్తెర, పిన్నీసులు, గ్లూకోజు పొట్లం, కొవ్వొత్తి, ఒక జత పొడి మేజోళ్లు. మా మెట్ట ఊళ్లో మేజోళ్లు తడిసేంత వాన ఏడాదికి నాలుగుసార్లు పడితే గొప్ప.

ఆవిడ నోట్లో ఎప్పుడూ ఉండే మాట "తర్వాత?"

ఏదైనా పిల్ల ఏడుస్తూ వచ్చి "చెప్పు తెగింది టీచర్" అంటే, వంగి చూసి, "తెగింది. తర్వాత?" అనేవారు. వెటకారం కాదు. నిజంగానే అడిగి, కనుబొమలు పైకెత్తి జవాబు కోసం ఆగేవారు. పిల్ల ఏడుపు ఆపి ఆలోచించేది. "పిన్నీసు పెట్టుకుంటా టీచర్." "ఊఁ. తర్వాత?" "సాయంత్రం కుట్టించుకుంటా." "మరింకేం, పో." మాతోనూ అంతే. మా అమ్మాయికి ఇంజనీరింగు సీటు రాలేదని నేను స్టాఫ్‌రూములో ముక్కు చీదుకుంటుంటే, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని అదే అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ఆ రెండు రోజులూ ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. మా అమ్మాయి ఇప్పుడు గుంటూరులో నర్సు.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఖాళీ పీరియడ్లో ఆవిడ పాత పరీక్ష పేపర్ల వెనకవైపు ఒక దిబ్బ బొమ్మ గీసుకునేవారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, నీళ్లకవతల, బోర్లించిన పళ్లెంలాంటి ఇసకదిబ్బ. చెట్టు లేదు, ఇల్లు లేదు. ముప్ఫై ఏళ్ల కిందట కబాడీ జట్టుని ఒక సముద్రం పక్క ఊరికి పోటీలకి తీసుకెళ్లినప్పుడు ఒడ్డున నిలబడి చూశారట. నీళ్లు తీసినప్పుడు దాటొచ్చని అక్కడివాళ్లు చెప్పారట. ఆ దిబ్బ మీదికి బండేసుకుని వెళ్లాలి, గుడారం వేసుకోవాలి, చేపలు పట్టుకుని వండుకు తినాలి, ఒక రాత్రి ఉండి రావాలి. అదీ ఆవిడ ప్లాను.

ప్లానంటే అలాంటిలాంటి ప్లాను కాదు. మనిషికి తాగేనీళ్లు ఎన్ని లీటర్లు, ఇసకలో దిగేముందు టైర్లలో గాలి ఎంత తీసేయాలి, తిరిగొచ్చాక కాలి పంపుతో ఎంత కొట్టుకోవాలి, అన్నీ రాసి ఉండేవి. గుడారం మేకులు ఇసకలో నిలవకపోతే ఏం చెయ్యాలి? గోతాల్లో ఇసక నింపి, తాళ్లు వాటికి కట్టి పాతిపెట్టాలి. చేప పడకపోతే? కోడిగుడ్లు. తేదీ దగ్గరే చిక్కొచ్చేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. ఫిబ్రవరి నుంచి మిరప కోతలు, ఊళ్లో ఎవరూ కదల్లేరు. మార్చిలో పరీక్షలు. ఏప్రిల్, మేలో ఆ ఇసక మీద కాలు పెట్టలేం. వానాకాలం ఏటికి నీళ్లు. మిగిలింది జనవరి. అందులోనూ సెలవు రోజుకి దగ్గరగా పున్నమో అమావాస్యో పడాలి. అప్పుడే నీళ్లు బాగా తీస్తాయట.

"దిబ్బకెప్పుడు టీచరుగారూ?" అని స్టాఫ్‌రూములో అందరూ ఆట పట్టించేవారు. "జనవరిలో," అనేవారు ఆవిడ, తల ఎత్తకుండా. జనవరులు వచ్చి పోతుండేవి.

మార్టూరులో ఆవిడ తమ్ముడికి క్వారీ బండ్లు బాగుచేసే షెడ్డుంది. క్వారీలో పదిహేనేళ్లు రాళ్ల మధ్య తిరిగి, ఇక పనికిరాదని పక్కన పడేసిన ఒక జీపుని అతను రెండేళ్లు కూర్చుని బాగుచేసి అక్కకిచ్చాడు. నాలుగు చక్రాలూ లాగే బండి అది. పెద్ద గేరు పక్కన ఇంకో పొట్టి గేరుండేది. ఆ పొట్టి గేరు వేస్తే ముందు చక్రాలు కూడా లాగడం మొదలెడతాయి. ఆ జీపు స్కూలుకొచ్చిన రోజు ఊరు ఊరంతా చూసింది. ఆ వారమే ఆవిడ నన్ను పిలిచి, "ఎక్కు, నేర్చుకో," అన్నారు.

"నాకెందుకండీ?"

"అక్కడ నా చెయ్యి విరిగిందనుకో. తర్వాత?"

అప్పటిదాకా నేను కూడా వెళ్తున్నానని నాకు తెలియదు. ఈతొచ్చా అని మాత్రం ఓసారి అడిగితే, చిన్నప్పుడు చెరువులో నేర్చుకున్నానన్నాను. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి. పుట్టింట్లో, అత్తింట్లో, పెళ్లిళ్లలో, ఆస్పత్రుల్లో తప్ప ఒక్క రాత్రి కూడా ఎక్కడా పడుకోలేదు. వద్దని చెప్పాలనే అనుకున్నాను. కానీ సాయంత్రాలు బడి వదిలాక గ్రౌండులో సుద్దతో గీతలు గీసి, వాటి మీద నా చేత జీపు నడిపిస్తుంటే, మొదటి రోజు భయం, రెండో రోజు సిగ్గు, వారానికి అవి రెండూ పోయి ఎప్పుడు గంట కొడతారా అని ఎదురుచూడటం మొదలైంది.

మూడో మనిషి అనుకోకుండా దొరికింది. ఆవిడ ఒకరోజు నీళ్లు ఏ వేళకి తీస్తాయో నాకు వివరిస్తున్నారు. భోజనాల పంక్తి అయ్యాక గిన్నెలు సర్దుకుంటున్న వెంకాయమ్మ ఫక్కున నవ్వింది. వెంకాయమ్మ మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది.

"ఎవరు చెప్పారండీ మీకు? పొద్దున తొమ్మిదింటికి నీళ్లు తీస్తయ్యా? పున్నానికి తొమ్మిదింటికి పోటుంటది. నీళ్లు తీసే పాటు మధ్యాన్నం మూడింటికి."

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "నీకెట్టా తెలుసు?"

"మాది సముద్రం ఒడ్డేగా. మా అయ్య వలేసేవాడు. ఇచ్చింది ఇటు."

ఇన్నేళ్లుగా ఆమె వండిన సాంబారు తింటున్నాం. ఆమెది ఏ ఊరని మాలో ఒక్కరమూ అడగలేదు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు, పని లేకుండా సముద్రం చూడ్డానికి ఎవరు పంపుతారు, అందుకని ఇన్నేళ్లలో మళ్లీ అటు వెళ్లలేదంది. ఆవిడ ఆ పేపరు తిరగేసి, కొత్త పేపరు తీసుకుని, "కూర్చో వెంకాయమ్మా. మొదట్నుంచీ చెప్పు," అన్నారు.

ఆ ఏడాదే ఆవిడ రిటైరవ్వాలి. ఆ జనవరిలో పున్నమి రిపబ్లిక్ డే దగ్గరకొచ్చింది. ఇంక ఎవరూ ఆపలేరనుకున్నాం. మా ఆయన ఆపాడు.

"ముగ్గురు ఆడాళ్లు. నీళ్ల మధ్యలో. గుడారం," అని ఒక్కొక్క మాటా విడివిడిగా పలికాడు. ఆయన మిరప, పత్తి పండిస్తాడు. మాటలు తక్కువ మనిషి. ఆ మూడు మాటలూ నేను ఆవిడకి ఫోన్లో చెప్పేశాను.

మర్నాడు ఆవిడే ఇంటికొచ్చారు. వాకిట్లో కుర్చీ వేశాను. కాగితాలన్నీ మా ఆయన ముందు పరిచారు. ఆయన వాటి వంక చూడకుండా, "మిరప కోత ముందు పెట్టుకుని ఎట్టా పంపుతానండీ?" అన్నాడు.

"మొదటి కోత ఫిబ్రవరి మొదటి వారంలో అన్నావు కదా తమ్ముడూ. నవంబరులోనే నిన్నడిగి రాసుకున్నాను, చూడు."

మా ఆయన వంగి చూశాడు. నిజంగానే రాసి ఉంది. ఆయన పేరు, ఎకరాలు, ఏ వారంలో కోత అన్నీ.

"ఏదన్నా అయితే?"

"అదే కదా, నాలుగు పేజీలు," అని ఆవిడ ఆ పేజీలు తీసి ఆయన చేతిలో పెట్టారు. మా ఆయన వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. చదవడం అయ్యేసరికి కాఫీ చల్లారింది. చివరికి నా వైపు తిరిగి, "పో," అన్నాడు. కోపంగానే అన్నాడు. కానీ వెళ్లే రోజు పొద్దున జీపులో చూస్తే మిరపకాయలు ఆరబోసే కొత్త పట్టా ఒకటి, పది గోతాలు మడతపెట్టి ఉన్నాయి. ఎప్పుడు పెట్టాడో తెలియదు.

రిపబ్లిక్ డే నాడు ఆవిడ చివరిసారిగా పిల్లల చేత కవాతు చేయించారు. జెండా వందనం అయ్యి, బిళ్లలు పంచాక, అవే తెల్ల బూట్లతో వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. పిల్లలు గేటు దాకా పరిగెత్తుకొచ్చి చేతులూపారు. అద్దంకి దాటి, మార్టూరులో తమ్ముడి షెడ్డు దగ్గర ఆగి, రోడ్డు పక్క రాళ్ల పొడి తెల్లగా పేరుకున్న పాలిష్ యూనిట్లు దాటి సముద్రం వైపు తిరిగేసరికి ఒంటిగంట. వెంకాయమ్మ అప్పటిదాకా కునికిపాట్లు పడుతూ ఉంది. ఉన్నట్టుండి లేచి నిటారుగా కూర్చుంది. "వాసన," అంది. నాకేం తెలియలేదు. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక నాకూ తెలిసింది.

మొగ దగ్గరికి చేరాం. దిబ్బ కనిపించింది. ఆవిడ గీసిన బొమ్మలాగే, తెల్లగా, పల్చగా, పైన పక్షులతో. ఆవిడ బండి దిగి నడుం మీద చేతులేసుకుని చాలాసేపు చూశారు. తర్వాత కాగితం తీశారు. దాని ప్రకారం ఒడ్డున ఉన్న జంట తాటిచెట్ల దగ్గర నుంచి సూటిగా దిబ్బ మీదికి నీళ్ల కింద ఇసక మెట్టు ఉండాలి. తాటిచెట్లలో ఒకటే ఉంది. రెండోది నీళ్లలో పడి ఉంది.

వెంకాయమ్మ చీర పైకి దోపుకుని మోకాళ్ల దాకా దిగి వెనక్కొచ్చేసింది.

"ఇటు కాదు టీచరుగారూ. నీళ్లు నల్లగా ఉన్నాయి చూడండి, సుడి తిరుగుతన్నాయి. తుపానుకి మొగ జరిగింది. ఇక్కడ ఏనుగు మునుగుద్ది."

ఆవిడ కాగితం వంక చూశారు, నీళ్ల వంక చూశారు. మళ్లీ కాగితం వంక. నిజం చెప్తున్నాను, నా గుండె తేలికపడింది. హమ్మయ్య, ఇంక ఇంటికి పోవచ్చు అనుకున్నాను. ఒడ్డున కూర్చుని పులిహోర తిని, సముద్రం చూశామనిపించుకుని, పొద్దుగూకే వేళకి ఇంట్లో ఉంటాం. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ కాగితాలన్నీ మడిచి సంచిలో పెట్టేశారు. వెంకాయమ్మ వైపు తిరిగారు.

"తర్వాత?" అన్నారు.

ఆ మాట ఆవిడ నోట వెయ్యిసార్లు విన్నాను. అదంతా ఎదుటివాళ్లతో చెప్పించడానికే. తనకి తెలియక అడగడం వినడం అదే మొదటిసారి.

వెంకాయమ్మ ఒక నిమిషం ఆవిడ మొహంలోకి చూసింది, తనని కాదేమో అన్నట్టు. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ల మీదికి చూసింది. దూరంగా చూపించి, "అదిగో, ఆ కొంగలు చూశారా? వరసగా నిలబడ్డాయి. వాటి కాళ్లు సగమే మునిగినయ్యి. అక్కడ నేల గట్టిది," అంది. అక్కడి గుడిసెలోంచి ఒక వెదురు గెడ అడిగి తెచ్చుకుంది. "నేను ముందు పోతా. నా అడుగులోనే రండి. నేను చెయ్యెత్తితే ఆగాల."

"చిత్తం," అన్నారు డ్రిల్లు టీచరుగారు.

టైర్లలో గాలి సగం తీసేశాం. పొట్టి గేరు పడింది. రెండు దాటాక నీళ్లలోకి దిగాం. ముందు వెంకాయమ్మ, గెడతో నేలని పొడుస్తూ, కుడికీ ఎడమకీ వంకర తిరుగుతూ. వెనక జీపు, ఆమె నడకంత నిదానంగా. స్కూల్లో ఎవరూ దారివ్వని మనిషి వెనకాల మేము అడుగు తప్పకుండా వెళ్తున్నాం. నీళ్లు ఇరుసుల దాకా వచ్చాయి. నేను సీటు రాడ్డు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

సగం దాటాక ఎడమ వెనక చక్రం కూరుకుపోయింది. ఇంజను మూలిగింది, బండి కదల్లేదు. నీళ్లు తిరిగి పెరగడానికి ఇంకా ముప్పావుగంటే ఉందని వెంకాయమ్మ కేకేసింది.

ఆవిడ దిగిపోయారు. "నువ్వు ఇటొచ్చి కూర్చో," అన్నారు.

"నేనా? నా వల్ల కాదండీ."

"నేను నెట్టగలను. నువ్వు నెట్టలేవు. లెక్క సరిపోయిందా? కూర్చో."

కూర్చున్నాను. ఆవిడ, వెంకాయమ్మ కలిసి చక్రం చుట్టూ ఇసక చేత్తో తోడి, మా ఆయన ఇచ్చిన గోతాలు దాని కింద దూర్చారు. చీరలు నడుం దాకా తడిసిపోయాయి. ఆవిడ నా కిటికీ దగ్గరకొచ్చి మెల్లగా చెప్పారు. "గ్రౌండులో సుద్దగీత మీద ఎట్టా పోయావు? అట్టాగే. గట్టిగా తొక్కొద్దు. కదిలిందంటే మాత్రం ఆగొద్దు. మా కోసం కూడా ఆగొద్దు. దిబ్బెక్కాకే ఆగు."

విజిలు ఊదారు. నేను కాలు ఆన్చాను. బండి ఒకసారి వెనక్కి ఊగి, గోతాల మీదికెక్కి, ముందుకు దూకింది. ఆగలేదు నేను. నోట్లో ఏదేదో అనుకుంటూ, ఎదురుగా ఉన్న తెల్లని గీతనే చూస్తూ పోయాను. ముందు చక్రాలు పొడి ఇసకని పట్టుకున్నాయి. పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. బండి ఆపి అద్దంలో చూస్తే, దూరంగా మోకాలి లోతు నీళ్లలో ఇద్దరు ఆడాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వుతూ నడిచొస్తున్నారు.

ముప్ఫై ఏళ్లు ఆవిడ కలగన్న దిబ్బ మీద మొదట కాలు పెట్టింది నేను. ఈ మాట ఆవిడతో అంటే, "నువ్వు కాదు, నా జీపు," అన్నారు.

ఆవిడ చేపల వేట మాత్రం చెప్పుకోదగ్గది కాదు. కొత్త గేలపు కర్ర బిగించుకుని రెండు గంటలు నిలబడ్డారు. వెంకాయమ్మ వేలికి చుట్టుకున్న నూలు గేలంతో రెండు జెల్లలు, ఒక గొరక లాగేసింది. ఆఖరికి ఆవిడకి బెత్తెడు చేపపిల్ల ఒకటి పడింది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నా దగ్గరికీ, వెంకాయమ్మ దగ్గరికీ పరుగున తీసుకొచ్చి చూపించారు. "వదిలెయ్యండమ్మా, పిల్లది," అంది వెంకాయమ్మ. వెంటనే నీళ్లలోకెళ్లి వదిలేసి, అది పోయినవైపే నిటారుగా నిలబడి చూశారు, జెండాకి నిలబడ్డట్టు.

మా ఇంటి కారంతో వెంకాయమ్మ పులుసు పెట్టింది. మిరప పట్టా కప్పిన గుడారం ముందు కూర్చుని తిన్నాం. పొద్దు వాలుతోంది. అప్పుడు చెప్పారు ఆవిడ. ఆ కబాడీ జట్టులో ఒక పిల్ల ఉండేదట. ఒడ్డున తన చెయ్యి పట్టుకుని లాగిందట, "పోదాం టీచర్, ఒక్కసారి పోయొద్దాం" అని.

"బస్సు టైమైందని విజిలూదాను. పాపం, పరిగెత్తుకొచ్చి వరసలో నిలబడింది. ఆ ఎండాకాలమే దానికి పెళ్లి చేసేశారు. తర్వాతి బస్సు ఇంకో గంటకి ఉంది లెక్కలమ్మా. నాకు తెలుసు. అయినా ఊదాను."

వెంకాయమ్మ ముల్లు తీసి పక్కన పెట్టి, "ఆ పిల్లని తేలేదు గానీ, నన్ను తెచ్చారుగా టీచరుగారూ," అంది. "ఇరవై రెండేళ్లయింది ఈ గాలి పీల్చి."

ఆవిడ ఆమె కంచంలో ఇంకో చేపముక్క వేశారు.

తెల్లారేసరికి ఆవిడ గుడారంలో లేరు. బయటికొచ్చి చూస్తే దిబ్బ చుట్టూ పరిగెత్తుతున్నారు. నన్ను చూసి ఆగకుండానే చెయ్యూపారు. నేను చెప్పులు వదిలేసి వెనకాల పరిగెత్తాను. ఎప్పుడో చిన్నప్పుడు పరిగెత్తాను, మళ్లీ ఆ రోజే. సగం దూరం కూడా పోలేక ఇసకలో కూలబడి, ఆయాసంతో నవ్వుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం పాటుకి వచ్చినదారినే తిరిగొచ్చేశాం. ఈసారి బండి ఎక్కడా కూరుకోలేదు.

రిటైరయ్యాక ఆవిడ మార్టూరు వెళ్లిపోయారు. కానీ జనవరి వస్తే చాలు, జీపు మా వాకిట్లో ఉండేది. పాత జట్లలో ఆడినవాళ్లని ఊరూరా వెతికి, నలుగురి చొప్పున తీసుకెళ్లేవారు. వెంకాయమ్మ లేకుండా ఒక్కసారీ నీళ్లలో దిగలేదు. మూడో ఏడు ఆ చెయ్యి పట్టుకు లాగిన పిల్ల దొరికింది. తాడేపల్లిలో టిఫిన్ బండి నడుపుతోంది. నలభై ఏడేళ్లు, ఒక మనవరాలు. నన్నూ వెంటబెట్టుకుని వెళ్లారు. ఆమె ముందు నిలబడి, చెప్పాల్సిందంతా చెప్పేశారు. దిబ్బ, విజిలు, బస్సు.

ఆమె అట్లకాడ పట్టుకుని నోరు తెరుచుకుని విన్నది. "దిబ్బా? నాకేం గుర్తు లేదు టీచర్. ఇంతకీ ఆ రోజు మనం గెలిచామా?"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "గెలిచామే. రెండు పాయింట్లతో," అన్నారు. దోసె తిన్నాక, "సరే, గుర్తు లేకపోతే పోయింది. జనవరిలో వస్తావా?" అని అడిగారు. వచ్చింది.

ఈ జనవరిలో ఆవిడకి ఒంట్లో బాగాలేదు, ఎవరం వెళ్లలేదు. ఫిబ్రవరిలో బ్యాటరీ మార్పించుకున్నారు. ఆ నెలలోనే వెళ్లిపోయారు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక చూస్తే, జనంలో సగానికి సగం ఆడవాళ్లే. నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్లు, ఆటోల్లో, బస్సుల్లో, ఒకామె తనే మోటారుసైకిల్ నడుపుకుంటూ. ఒకరికొకరు తెలియదు. "మీరే ఏడు ఆడారు?" అని అడిగి పరిచయం చేసుకుంటున్నారు. మా ఆయన నాతో వచ్చాడు. ఒక పక్కన నిలబడి వాళ్లందరినీ చూస్తూ ఉన్నాడు.

మర్నాడు కల్లంలో ఇద్దరం రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాం. ఎర్రటి ఎండ, ఎర్రటి కాయలు. మా ఆయన తల ఎత్తకుండా అన్నాడు, "ఆ దిబ్బ మీద మగాళ్లు రాకూడదా?"

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఎవరన్నారట?"

"ఎవరూ అన్లేదు. అడుగుతున్నా." ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాడు. "నాలుగేళ్లు నువ్వు పోయొచ్చావు. ఒక్కసారన్నా రమ్మన్లేదు."

రమ్మనలేదు. వస్తాడని ఎప్పుడూ తోచనే లేదు. కళ్లకి కారం తగలకుండా మోచేత్తో మొహం తుడుచుకుని, అక్కడి నుంచే వెంకాయమ్మకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. విషయం విని ఆమె, "అయ్యగారికి ఈతొచ్చా?" అని అడిగింది.

"రాదు," అన్నాడు మా ఆయన ఫోన్ వైపు వంగి. "నేను బోరు నీళ్ల రైతుని."

"రాకపోతే నేను తీసకపోను. టీచరుగారు కూడా ఈతొచ్చినోళ్లనే ఎక్కించుకునేది. ఇంకా జనవరి దాకా టైముంది, నేర్చుకోండి."

ఆ ఆదివారం సాగర్ పిల్లకాలువ మెట్ల దగ్గర ముగ్గురం ఉన్నాం. నడుంలోతు నీళ్లు. యాభై ఎనిమిదేళ్ల మా ఆయన పంచె ఎగ్గట్టి, వీపుకి రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టించుకుని, మెట్టు అంచు రెండు చేతులా పట్టుకుని నీళ్లలో నిలబడ్డాడు. కల్లాలకి పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఎవరో, "ఏం మామా, ఏందిది?" అని అరిచారు. ఆయన పట్టించుకోలేదు. ఒడ్డున గొంతుక్కూర్చున్న వెంకాయమ్మ, "మెట్టు వదలండి. డబ్బాలు మునగనీయవు. వదిలి కాళ్లు కొట్టండి," అంటోంది.

మా ఆయన నా వంక చూశాడు. ఊపిరి పీల్చుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చెయ్యి వదిలాడు. కాసేపటికి రెండోదీ వదిలాడు. కాళ్లు పిచ్చిపిచ్చిగా కొట్టుకున్నాయి. నీళ్లు ఎగిరి మా మీద పడ్డాయి. మెట్టు నుంచి రెండు బారలు పోయి, నీళ్లు మింగి, దగ్గుతూ లేచి నిలబడ్డాడు.

"చూశావా?" అని అరిచాడు నాకేసి, కాలవంతా వినపడేట్టు.

"మళ్లీ," అంది వెంకాయమ్మ.